గన్నవరం నుంచి సముద్రం మీదికి

ఆటల్లో నాకు చేతకానివే ఎక్కువ. తొక్కుడుబిళ్ల ఆడితే గీత తొక్కేదాన్ని. క్యారమ్స్ ఆడితే ఎర్రబిళ్ల బదులు స్ట్రైకరు గుంటలో పడేది. ఇప్పుడు మా అన్నయ్య పిల్లలు సెలవులకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని "అత్తకి ఒక్క ఆటా రాదు" అని నవ్వుతుంటారు. నవ్వనిస్తాను. నేను మనసు పెట్టి ఆడింది ఒక్కటే ఆట, అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. దాని గురించి వాళ్ళకి చెప్పలేదు, చెప్పాలని కూడా లేదు.

మాది దివిసీమ. బందరులో పిన్ని ఇంట్లో ఉండి, రోజూ పొద్దున్నే పాసింజరు ఎక్కి గుడివాడ వెళ్ళి డిగ్రీ చదివేదాన్ని. బందరులో కాలేజీలు లేవా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఉన్నాయండీ, నాకు కావలసిన కంప్యూటర్ గ్రూపులోనే సీటు లేదు. నాతోపాటు అదే రైల్లో, అదే క్లాసుకి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. బందరు పక్కన చేపల హార్బరు ఉన్న గిలకలదిండి పిల్ల. వాళ్ళ నాన్న మరబోటు మీద సరంగు, అంటే బోటు నడిపే మనిషి. వాళ్ళమ్మ హార్బరులో వేలం పాటలో చేపలు కొని, గంపలో పెట్టుకుని రైల్వే లైను పొడుగునా ఊళ్ళలో అమ్మేది. వాళ్ళ వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల మా స్నేహితురాలే. ఆ సంగతి అందరూ దానికి రోజుకోసారి గుర్తు చేసేవాళ్ళు. దానికి అది వినీ వినీ విసుగొచ్చేసింది.

క్లాసులు మధ్యాహ్నానికే అయిపోయేవి, మా పాసింజరేమో సాయంత్రానికి గానీ లేదు. ఆ మధ్య కాలమంతా ఒక ఎరువుల కొట్టు పైన ఉన్న కంప్యూటర్ సెంటర్లో గడిపేవాళ్ళం. కింద యూరియా వాసన, పైన ఏసీ చల్లదనం. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కాళ్ళు తుడుచుకుని, గుళ్ళోకి వెళ్తున్నంత భక్తిగా లోపలికి వెళ్ళాలి. ఒక బ్యాచ్ వెళ్ళి ఇంకో బ్యాచ్ వచ్చేలోపు ఖాళీగా ఉన్న కంప్యూటర్ల మీద ఆడుకోవచ్చని సెంటర్ నడిపే సార్ ఒప్పుకున్నారు. మగపిల్లలంతా ఒక వరసలో కూర్చుని తుపాకుల ఆట ఆడేవాళ్ళు. ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుని, చచ్చి, సమోసా తిని, మళ్ళీ లేచి కాల్చుకునేవాళ్ళు. ఆ గోలకి కింద కొట్టులో లెక్కలు తప్పుతున్నాయని గుమాస్తా పైకొచ్చి తిట్టి వెళ్ళేవాడు.

మాకు మిగిలింది ఎవరికీ అక్కర్లేని విమానం ఆట. అందులో కాల్చడాలు లేవు, మార్కులు లేవు. విమానం ఎక్కాలి, నడపాలి, దించాలి, అంతే. ఎక్కడి నుంచి బయల్దేరాలో చెప్పమని ప్రపంచంలోని విమానాశ్రయాలన్నీ చూపిస్తుంది. ఒకరోజు అలా కిందికి జరుపుతూ పోతుంటే అందులో గన్నవరం కనిపించింది. బెజవాడ పక్కనున్న మన గన్నవరమే! ఇద్దరం ఒకేసారి అరిచాం. తుపాకుల ఆట వాళ్ళు కూడా ఆపి వచ్చి చూశారు.

గన్నవరం నుంచి లేచి చుట్టూ చూస్తే ఆకుపచ్చ నేల, దాని మధ్య నీలంగా ఓ వంకర గీత. అదే కృష్ణ. బందరు లేదు, గుడివాడ లేదు, మా కాలవలు ఒక్కటీ లేవు. దివిసీమనైతే మొత్తం ఎత్తేశారు. ఏరు రెండుగా చీలాల్సిన చోట చీలకుండా నేరుగా సముద్రంలోకి పోయింది. డెబ్భై ఏడు ఉప్పెన కూడా చేయలేకపోయిన పని ఆట తయారుచేసినవాళ్ళు చేశారని నేను మండిపడ్డాను. మా స్నేహితురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. దాని చెయ్యి మాత్రం భలే నిలకడ. నేను నడిపితే విమానం పొలాల్లో బోర్లా పడేది. అది నడిపితే తాడు మీద నడిచినట్టు తిన్నగా పోయేది. వాళ్ళ నాన్న చెయ్యి వచ్చిందని నేను ఏడిపించేదాన్ని.

ఆ ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో వాయుగుండం పట్టింది. కబురు అందుకున్న బోట్లు వెనక్కి వచ్చేశాయి. అందనివి ఒడ్డున ఎక్కడ పడితే అక్కడ తేలి, ఆలస్యంగానైనా చేరాయి. మా స్నేహితురాలి నాన్న నడిపే బోటు ఒక్కటే రాలేదు. అందులో ఆయనతోపాటు ఆ వీధివాళ్ళే ఇంకొందరు ఉన్నారు. హార్బరులోని బోట్లన్నీ వేట మానుకుని వెతకడానికి వెళ్ళాయి. విమానంతో కూడా వెతికించామనీ, ఏమీ కనపడలేదనీ అధికారులు వచ్చి చెప్పారు. మా దివిసీమ చివర పాలకాయతిప్ప దగ్గర ఏదో కొట్టుకొచ్చిందని ఎవరో అంటే, ఆ దారి తెలిసినదాన్ని కాబట్టి నేనే తల్లీకూతుళ్ళని తీసుకెళ్ళాను. అవనిగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఇసక మీద ఒక ప్లాస్టిక్ డబ్బా, తెగిన తాడు ముక్క ఉన్నాయి. వాళ్ళమ్మ ఆ డబ్బాని తిప్పి తిప్పి చూసి "మనది కాదు" అని కింద పెట్టింది. పెట్టాక మళ్ళీ వంగి, అది దొర్లిపోకుండా ఇసకలో గుచ్చి పెట్టింది. ఏరు సముద్రంలో కలిసే ఆ చోటు నుంచి ముగ్గురం మళ్ళీ ఆటో దాకా నడిచి వచ్చాం.

దొరకని మనుషుల సంగతి నాకు కొత్త కాదు. ఉప్పెన తర్వాత పుట్టినదాన్ని నేను. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ అలాంటి వాళ్ళు ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్ళు పోయారని ఎవరూ అనరు, "కనపడలేదు" అంటారు. కనపడనివాళ్ళు ఇల్లు వదిలిపోరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళకి విస్తరి వేయడం మానేసినా, వాళ్ళు కూర్చునే చోట ఎవరూ కూర్చోరు.

గిలకలదిండిలో వాళ్ళ వీధికి ఒక పద్ధతి ఉంది. సముద్రం మీద పోయిన మనిషి దొరకకపోతే, గడ్డితో మనిషి బొమ్మ చేసి, అతని చొక్కా తొడిగి, దహనం చేసి కర్మ జరిపిస్తారు. ఒకే బోటు మీద పోయినవాళ్ళకి ఒకేరోజు జరపాలి. కలిసి వెళ్ళినవాళ్ళని కలిసే పంపించాలని వాళ్ళ పట్టుదల. ఆ రోజు ఎప్పుడన్నది పెద్దలు పెట్టరు. ఇంటింటికీ వెళ్ళి భార్యలని అడుగుతారు. ప్రతి ఒక్కామె "సరే" అనాలి. ఒక్కరు అనకపోయినా రోజు పెట్టరు.

అందరూ సరే అన్నారు. మా స్నేహితురాలి తల్లి అనలేదు. "అప్పుడే కాదు" అంది.

కొన్నాళ్ళకి మా స్నేహితురాలు మళ్ళీ కాలేజీకి వచ్చింది. ఏడుపు లేదు. మొహం కడుక్కుని, జడ వేసుకుని, నోట్సు అడిగి రాసుకుంది. దాన్ని చూసి మా లెక్చరర్లు ఎంత ధైర్యమో అన్నారు. నాకు మాత్రం ఆ ధైర్యం చూస్తే భయమేసింది. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళాం. అది విమానం ఆట పెట్టి, గన్నవరం నుంచి లేపి, సముద్రం వైపు తిప్పింది. నేల అయిపోయి నీలం వచ్చింది. అప్పుడు నాతో అంది, "నువ్వు ఎడమ కిటికీలోంచి చూడవే. కుడివైపు నేను చూస్తా."

"ఏం చూడాలి?" అన్నాను.

అది అప్పటికే కుడి కిటికీలోంచి కిందికి చూస్తోంది. వాళ్ళ నాన్న బోటు కోసం చూస్తోందని అప్పుడు అర్థమయింది.

అది బొమ్మ సముద్రం అని నేను చెప్పకపోలేదు. మెల్లగానే చెప్పాను. "నాకు తెలియదేంటే? ఆ ప్రోగ్రాములు నీకంటే నేనే బాగా రాస్తా కదా," అంది. "ఊరికే కూర్చోమంటావా మరి?" అంది. నేను ఎడమ కిటికీ వైపు చూశాను. అలా రోజూ రైలు వేళ దాకా ఆ నీలం మీద తిరిగాం. గాలి ఎటు వీచిందో వాళ్ళ చిన్నాన్నని అడిగి తెలుసుకుని, ఆ గాలికి బోటు ఎటు కొట్టుకుపోయి ఉంటుందో ఆ వైపు పోనిచ్చేది. సముద్రాన్ని పట్టీలుగా అనుకుని, ఒక పట్టీ చూడటం అయ్యాక పక్క పట్టీ. మీట నొక్కితే ఎడమ కిటికీ, ఇంకోటి నొక్కితే కుడి కిటికీ. కిటికీలో ఏమీ లేదు. అల లేదు, పక్షి లేదు. ఆ నీలం ఎంతసేపు చూసినా ఒకేలా ఉండేది. ఇంజను మాత్రం ఒకే శ్రుతిలో మోగుతూ ఉండేది. రాత్రి పిన్ని ఇంట్లో పడుకుంటే ఆ మోత చెవుల్లో ఆగేది కాదు.

మగపిల్లలకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తెలిసింది. తుపాకుల మోత తగ్గించారు. తర్వాత పూర్తిగా ఆపేశారు. చచ్చినా శబ్దం లేకుండా చచ్చేవాళ్ళు. గుమాస్తా తిట్టడానికి పైకి రావడం మానేశాడు. మేం వెళ్ళేసరికి సార్ మా కంప్యూటర్ ఆన్ చేసి ఉంచేవారు. ఆ గదిలో అంత నిశ్శబ్దంగా ఎవరూ ఏ ఆటా ఆడి ఉండరు.

ఇంట్లో వాళ్ళమ్మ ఏదో ఒకరోజు అడిగింది, క్లాసులయ్యాక ఏం చేస్తున్నావని. "నాన్న కోసం వెతుకుతున్నానమ్మా. కంప్యూటర్లో విమానం ఉంది, సముద్రమంతా తిరగొచ్చు," అని చెప్పింది మా స్నేహితురాలు. అది అబద్ధం ఆడిందని నేను అనుకోను. ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ రోజుల్లో బందరులో ఏ సందు చూసినా కంప్యూటర్ జాతకం, కంప్యూటర్ కంటి పరీక్ష అని బోర్డులు ఉండేవి. జరగబోయే పెళ్ళిళ్ళ పొంతనలే చెప్పే కంప్యూటర్‌కి సముద్రం చూపించడం ఓ లెక్కా? పైగా విమానంతో వెతికారని అధికారులే చెప్పారు. వాళ్ళకి విమానం ఉన్నట్టు, చదువుకున్న తన కూతురికీ ఒకటి దొరికిందనుకుంది ఆ తల్లి. పెద్దలు మళ్ళీ అడగడానికి వస్తే, "మా అమ్మాయి కంప్యూటర్లో వెతుకుతోంది. అయిపోయాక చెప్తా," అంది.

పెద్దలు ఆగారు. వీధి వీధంతా ఆగింది.

నాకు ఈ సంగతి రైల్లో తెలిసింది. సాయంత్రం పాసింజరులో ఖాళీ గంపలతో తిరిగొచ్చే గిలకలదిండి ఆడవాళ్ళు మా చుట్టూ చేరి, "ఇవాళ ఎందాకా వెళ్ళార్రా పిల్లలూ?" అని అడిగారు. మా స్నేహితురాలు తడుముకోకుండా ఎందాకా వెళ్ళిందో చెప్పింది. వాళ్ళు తలలూపారు. అంతదూరం కొట్టుకుపోదనీ, పోవచ్చనీ వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను.

ఆ బోటు మీద వెళ్ళినవాళ్ళలో ఒకతని భార్య మా ఈడుదే. పెళ్ళై ఏడాది కాలేదు. ఒకరోజు బందరు స్టేషన్లో దిగాక నన్ను ఒక పక్కకి పిలిచింది. మెళ్ళో తాళి ఉంది, నుదుట బొట్టు లేదు. బొట్టు పెట్టుకుంటే అత్త తిడుతోందట, తీసేస్తే అమ్మ తిడుతోందట. పుట్టింటికి పోదామంటే, కర్మ కాకుండా గడప దాటకూడదన్నారట. "తొందరగా వెతకండక్కా. ఉంటే ఉన్నాడని, లేకపోతే లేడని చెప్పండి. నేను దేనికీ కాకుండా పోతున్నా," అంది. దానికి ఏం చెప్పాలి? చూస్తాం అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

మర్నాడు మా స్నేహితురాలి మీద విరుచుకుపడ్డాను. "మీ అమ్మకి చెప్పవే, అది ఆటని. ఆ పిల్ల గతేంటి?" అన్నాను. అది కోప్పడలేదు. "అయిపోవస్తోంది. ఇంక కొంచెమే," అంది. కొంచెం ఏంటే, దేనికి కొంచెం అని అరిచాను. అప్పటికే విమానం సముద్రం మీద ఉంది. "ఎడమవైపు చూడు, మాట్లాడితే తప్పిపోద్ది," అంది. తిట్టుకుంటూనే చూశాను.

చివరికి వాళ్ళమ్మే వచ్చింది. చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం గుడివాడలో దిగి, గంప స్టేషన్ బయట తెలిసిన టీ కొట్టులో పెట్టి, దారి అడుగుతూ ఎరువుల కొట్టు దాకా వచ్చింది. చెప్పులు విడిచి, గుమ్మం పక్కన కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చింది. మగపిల్లలు లేచి నిలబడ్డారు. నేను నా కుర్చీ ఇచ్చి, "కూర్చోండి పిన్నీ" అన్నాను. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"ఏదే సముద్రం?"

"ఇదేనమ్మా," అంది కూతురు. అప్పటికి విమానం ఒడ్డు దాటి చాలాసేపయింది.

ఆవిడ తెరకి మొహం ఆనించినట్టుగా పెట్టి చూసింది. ఎడమ కిటికీ, కుడి కిటికీ రెండూ చూపించాం. "ఇంత పైనుంచి ఏం కనపడుద్ది? కాస్త దించు," అంది. దించింది. "ఇంకాస్త." దించింది. నీలం పెద్దదయింది, తెరంతా నీలమే అయింది. "ఇంక దించితే పడిపోద్దమ్మా," అంది మా స్నేహితురాలు. "పడదులే. నీళ్ళ దగ్గరికి పోనీ. అక్కడే ఉంటాడు, దించు," అంది ఆవిడ. కూతురి చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది.

విమానం నీళ్ళలో పడింది. పెద్ద చప్పుడుతో తెర అదిరి, మధ్యలో ఏదో ఇంగ్లీషు ముక్క కనిపించి, అంతా నల్లబడింది. "అయ్యో, లోపల మనుషులు!" అని ఆవిడ ఎగిరి లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. సార్ పరిగెత్తుకొచ్చారు.

అంతలో తెర వెలిగింది. ఎండలో మెరుస్తూ నల్లటి దారి, దాని మొదట్లో మా విమానం. చుక్క తడి లేదు, గీత పడలేదు. ఇంజను ఎప్పటిలాగే మోగుతోంది.

"ఇదెక్కడ?" అంది ఆవిడ.

"గన్నవరం," అన్నాను నేను.

"ఇప్పుడే కదే నీళ్ళలో పడింది?"

"పడింది పిన్నీ."

"మరి వచ్చేసిందే?"

ఆవిడ తెర వైపు, మా వైపు, వరసగా నిలబడిన మగపిల్లల వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. మమ్మల్ని తిట్టినా బాగుండేది. "సముద్రంలో పడింది మళ్ళీ వచ్చేస్తే, అది సముద్రం ఎట్టా అవుద్ది?" అంది. కోపంగా అనలేదు. మాకు తెలియకేమో అన్నట్టు, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

సార్ పడిపోయిన కుర్చీ లేపి పెట్టారు. ఇంక వెళ్ళిపోతుందనుకున్నాం. ఆవిడ మళ్ళీ కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, కూతురితో, "ఇంకోసారి పడెయ్యి," అంది.

గన్నవరం నుంచి సముద్రం దాకా వెళ్ళాలంటే కాసేపు పడుతుంది. ఆ కాసేపూ ఆవిడ కదలకుండా కూర్చుంది. బయట తర్వాతి బ్యాచ్ పిల్లలు మెట్ల మీద నిలబడిపోయారు. మా స్నేహితురాలి చేతిలో ఎప్పుడూ తిన్నగా పోయే విమానం ఆ రోజు అటూ ఇటూ ఊగుతూ పోయింది. విమానం పడింది. నల్లబడింది. ఈసారి ఆవిడ అరవలేదు. తెర వెలిగి, విమానం మళ్ళీ ఎండలో నిలబడేసరికి, మెల్లగా అరచెయ్యి చాపి అద్దం మీద ఆనించింది. ఆ కాలం డబ్బా తెర కదా, అద్దం చిటపటమంది. చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే ఉంచి, "చాలు," అంది.

రైల్లో ఆవిడా మాతోనే వచ్చింది. పెడనలో రద్దీ తగ్గాక కూతురి తల నిమిరి, "బానే వెతికావమ్మా. రేపు పెద్దాళ్ళకి నేను చెప్తాలే," అంది. మా స్నేహితురాలు తలూపింది. గంపల ఆడవాళ్ళు ఆ మాట విని ఒక్కరూ ఏమీ అడగలేదు.

రోజు పెట్టారు. మా పిన్ని వద్దన్నా నేను వెళ్ళాను. హార్బరు అవతల ఇసక మీద గడ్డి బొమ్మలు పడుకోబెట్టి, ఇళ్ళ నుంచి తెచ్చిన చొక్కాలు తొడుగుతున్నారు. ఆవిడ తన భర్త బొమ్మకి తనే చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టింది. కాసేపు చూసి, మెడ దగ్గర గుండీ ఒకటి తీసేసింది. "ఇది పెట్టుకోడు," అంది పక్కనున్నామెతో. మంట వేశాక, స్టేషన్లో నాతో మాట్లాడిన ఆ పిల్ల గొంతు చించుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అత్త ఒళ్ళోనే నిద్రపోయింది. ఆ నిద్ర చూస్తే నాకు ఎక్కడలేని నిశ్చింత కలిగింది. అయిపోయిందనుకున్నాను.

మా స్నేహితురాలు వలల కుప్ప పక్కన నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు పొడిగా ఉన్నాయి. మంట వైపు చూడటం లేదు, సముద్రం వైపు చూస్తోంది.

"దక్షిణం వైపు ఇంకా చూడలేదే," అంది నాతో. "అటు మిగిలిపోయింది. వీళ్ళు తొందరపడ్డారు."

ప్రోగ్రాములు రాసే పిల్ల. ఆ నీలం ఎలా తయారవుతుందో నాకు విడమరిచి చెప్పిన పిల్ల. ఇన్నాళ్ళూ దాని తల్లి నమ్మిందనుకున్నాను, వీధి నమ్మిందనుకున్నాను. వాళ్ళందరూ ఒక్క మధ్యాహ్నంలో బయటపడ్డారు. ఇది ఇంకా ఆ విమానంలోనే ఉంది. మంట ఎదుట నిలబెట్టి ఏమని చెప్పను? "నేను చూసొస్తాలే," అన్నాను.

"నిజంగా చూస్తావా?"

"చూస్తా."

మర్నాడు ఒక్కదాన్నే గుడివాడ వెళ్ళాను. క్లాసుకి వెళ్ళలేదు. సార్ కంప్యూటర్ పెట్టి ఇచ్చి పక్కకి వెళ్ళిపోయారు. గన్నవరం నుంచి లేచాను. పొలాల్లో పడేయకుండా ఒడ్డు దాటించడానికే నా ప్రాణం పోయింది. ఏరు సముద్రంలో కలిసే చోట, మా ఊరు ఉండాల్సిన చోటు మీద నుంచి, దక్షిణానికి తిప్పాను. ఎడమ కిటికీ చూసి, కుడి కిటికీ చూసి, కొంచెం ముందుకి పోయి, మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. చూడకుండానే చూశానని చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ చూస్తానని మాటిచ్చాను, అబద్ధం చెబితే దాని కళ్ళు పట్టేస్తాయి. అందుకని చూశాను. చూస్తున్నకొద్దీ నాకు భయం పెరిగింది. ఏమీ కనపడదని కాదు ఆ భయం. కనపడుతుందేమోనని. ఆ నీలంలో ఎక్కడో ఒక చిన్న మచ్చ, ఒక బోటు, దాని మీద నిలబడి పైకి చూస్తున్న మనుషులు కనపడితే నేను ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని. ఆ గదిలో, ఆ ఏసీలో, నా జాకెట్టు చెమటకి తడిసిపోయింది. కిటికీ మార్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని, ధైర్యం తెచ్చుకుని తెరిచేదాన్ని. సాయంత్రం బ్యాచ్ వచ్చే వరకూ, ఆ బ్యాచ్ పిల్లలు నన్ను చూసి వెనక్కి తగ్గే వరకూ తిరిగాను. పాసింజరు వెళ్ళిపోయింది. బస్సులో బందరు చేరి, అటు నుంచి అటే ఆటోలో గిలకలదిండి వెళ్ళాను.

అది గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"చూశావా?"

"చూశాను."

"రెండు వైపులా?"

"రెండు వైపులా చూశానే. పొద్దుట్నుంచీ చూశాను." దాని భుజం పట్టుకున్నాను. "లేరే. మీ నాన్న ఎక్కడా లేరు."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. నిజమే చెబుతున్నానని తెలిసినట్టుంది. "లేడా?" అంది, ఎవరో అప్పుడే కబురు తెచ్చినట్టు. అని, గడప మీద కూలబడి, నాన్నా అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి పక్క ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. నేను దాని నోరు మూయబోయాను, లేవదీయబోయాను, ఏం చేయాలో తెలియక నేనూ ఏడ్చాను.

లోపల్నుంచి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. వచ్చి, కూతురిని చూసి, అక్కడే ఆగిపోయింది. నా చేతుల్ని మెల్లగా దాని మీద నుంచి తీసేసింది.

"ఆపకు తల్లీ," అంది నాతో. "దాన్ని ఏడవనీ."